నక్షాలో లేని వంపు

ములాంజె కొండ మీంచి మా ఊరికి పద్నాలుగు మైళ్ళు.
ఆ దూరమంతా నడుంలోతు తవ్వాలని
ఊరికిన్ని బారలు పుల్లలు పాతి పంచారు.
చివరి ఊళ్ళవాళ్ళూ అందరితోపాటు తవ్వాలట,
నీళ్ళు మాత్రం అందరి తర్వాత తాగాలట.
ఇదెక్కడి లెక్కని గొణిగిందే కానీ
మా పెద్దమ్మ ఫాలెసి
అందరికన్నా ముందు పార భుజానేసుకుంది.

చిపెరోని ముసురు పట్టిన నెల.
మట్టి పారకి అంటుకుని వదలదు.
చితెంజె గుడ్డ బిగించి, వీపున పిల్లల్ని కట్టుకుని,
గట్టుమీదే కందికాయలు ఉడకేసుకు తిని
మళ్ళీ దిగేవాళ్ళం.
తేయాకు తోటలో కూలి పోయినా
ఆ నెల ఎవరూ అటు వెళ్ళలేదు.

సున్నం గీత గీస్తూ ముందు నడిచేవాడు
సర్వేయరు లికాకు.
దారం లాగి పట్టినట్టుండేది అతని గీత.
నాలుగో రోజు అది
నాసిబెకో మొక్కజొన్న చేను దాటి
ముళ్ళపొద పక్కకి వచ్చింది.
ఆడవాళ్ళ పారలన్నీ ఒక్కసారే ఆగాయి.

మగవాళ్ళకి తెలీదు. తెలియకూడదు కూడా.
ఏడవకుండానే పుట్టిన బిడ్డల్ని
మా దగ్గర ఊరి శ్మశానానికి తీసుకుపోరు.
పేరుండదు, డప్పుండదు.
ముసలమ్మలే చీకట్లో మోసుకెళ్ళి
మట్టి చదును చేసి
వెనక్కి చూడకుండా వస్తారు.
ఆ పొద పక్కన ఎందరున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.
ఎవరి ఒకటి వాళ్ళకి తెలుసు.

ఆ సాయంత్రం ఎవరూ ఏమీ అనుకోలేదు,
నోట్లో నువ్వుగింజ నానని ఎనెలెసి కూడా.
కోడి కూయకముందే పన్నెండు మందిమి
లాంతరు లేకుండా కలిశాం.
గీతని వదిలి రెండు బారలు ఎడంగా,
నిద్రపోయే పిల్ల పక్కనించి లేచినంత మెల్లిగా
చుట్టూ తిరిగి తవ్వి
పొదకి అవతల మళ్ళీ గీతలో కలిపాం.

పొద్దున లికాకు వచ్చి నిలబడ్డాడు.
"ఇదేంటి?"
"రాయి అడ్డొచ్చింది," అంది ఫాలెసి.
అతను ఇనపకడ్డీ తీసి గీతమీద గుచ్చాడు.
మెత్తగా దిగింది.
జానెడు. ఇంకో జానెడు.
అక్కడ చెయ్యి ఆగింది.
మా మొహాల వైపు చూడలేదు,
బురద పాదాల వైపు చూశాడు చాలాసేపు.
కడ్డీ బయటికి లాగి
దాని కొసని తన చొక్కా అంచుతో తుడిచి
పుస్తకంలో ఏదో రాశాడు.
నాకు చదువు రాదు.
అతని మోచేతి పక్కనించి చూసిన
ఎనెలెసి కూతురు తర్వాత చెప్పింది:
"రాయి. నాలుగు మలుపు గొట్టాలు అదనం."

నీళ్ళొచ్చే రోజున కుళాయి ముందు దగ్గింది.
తుమ్మింది. బుసబుసమని గాలి వదిలింది.
అందరూ నవ్వారు.
ఆ మొదటి ఊపిరికి
నేను ఉలిక్కిపడి
పక్కనున్న ఎవరిదో చెయ్యి పట్టుకున్నాను.
తర్వాత ఎర్రగా కొంచెం, తర్వాత తెల్లగా
బిందెలో పడ్డాయి.

ఇప్పుడు వాషర్ల డబ్బా, పానా నా మంచం కిందే ఉంటాయి.
చందా ఇవ్వని ఇళ్ళముందు
నేనే వెళ్ళి కూర్చుంటాను, ఇచ్చేదాకా లేవను.
మొన్న గొట్టం పగిలితే
కమిటీ కుర్రాడొకడు పాత నక్షా పరుచుకుని
పొద పక్కన గడ్డపార ఎత్తాడు.

"అక్కడ కాదు నాయనా. రెండు బారలు ఎడమకి."
"నక్షాలో తిన్నగానే ఉందే?"
"రాయుందక్కడ."
"ఎంత రాయి?"

మోచెయ్యి దగ్గర్నించి వేళ్ళ కొసల దాకా
చూపించాను.

"ఇంత రాయికా ఇంత వంపు!"
నవ్వుకుంటూ ఎడమకి జరిగి తవ్వాడు.
రెండో పోటుకే
నీళ్ళు ఊరాయి.